ఈజూ, ఆరూ, మా బాపూ

ఆ రోజుల్లో ఇంగ్లీషు విషయంలో మనుషులు రెండు రకాలుగా ఉండేవారు. రాదని ఒప్పుకునేవాళ్లు ఒక రకం, రాకపోయినా వచ్చినట్టు తిరిగేవాళ్లు ఇంకో రకం. నేను ఈ రెండింట్లోనూ ఇమడని మూడో రకం. నాకు కాగితం మీద ఇంగ్లీషు వచ్చు, నోట్లో రాదు. తెలుగు మీడియంలో డిగ్రీ దాకా లాక్కొచ్చినదాన్ని కదా, వాక్యాన్ని కర్తరి నుంచి కర్మణికి మార్చమంటే రాముడి చేత రావణుణ్ణి ఒక్క గీతలో చంపించి చూపేదాన్ని. కానీ ఎదురుగా ఓ మనిషి నిలబడి "వాట్ ఈజ్ యువర్ నేమ్" అని అడిగితే నా పేరు నాకే గుర్తొచ్చేది కాదు. ముందు ఆ ప్రశ్నను తెలుగులోకి దింపి, జవాబును తెలుగులో తయారు చేసుకుని, దాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి ఎక్కించేసరికి అడిగినవాళ్లు చాయ్ తాగడానికి పోయి ఉండేవారు.

మాది కరీంనగర్ దగ్గర సాంచెల ఊరు (మరమగ్గాలను మా వైపు సాంచెలంటారు, నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటారు). బాపు ఒక సేటు దగ్గర సాంచెలు నడిపేవాడు. ఆ చప్పుడులో ఏళ్ల తరబడి పనిచేసి, పక్కన కూర్చున్నవాళ్లతో కూడా వీధి చివరివాణ్ణి పిలిచినట్టే మాట్లాడేవాడు. మా ఇంట్లో రహస్యాలు లేకపోవడానికి కారణం మంచితనం కాదు, బాపు గొంతు. అవ్వ బీడీలు చుట్టేది. నా డిగ్రీ అయిపోయి, వేసవి గడిచిపోయి, వానలు కూడా మొదలయ్యాక ఒకరోజు ఆమె అంగడి నుంచి నాకని, బీడీలు చుట్టేటప్పుడు ఒళ్లో పెట్టుకునే కొత్త చాట కొనుక్కొచ్చి గోడకు తగిలించింది. "నౌకరి దొరికితే మంచిదే పిల్లా. దొరకకుంటే చాటయితే ఉన్నది," అన్నది. అది బెదిరింపూ కాదు, ఓదార్పూ కాదు. ఉన్న మాట. అవ్వ వంగిన మెడనూ, ఆకు కత్తిరించి కత్తిరించి మొద్దుబారిన ఆమె వేళ్లనూ చూస్తూ పెరిగినదాన్ని, ఆ చాట వైపు చూడాలంటేనే నాకు భయం వేసేది. అందుకే కరీంనగర్‌లో ఓ ప్రైవేటు ఆస్పత్రి వాళ్లు రిసెప్షన్‌లో కూర్చోవడానికి ఇంగ్లీషు మాట్లాడే అమ్మాయి కావాలని పేపర్లో వేయించగానే, ఆ ఉద్యోగం నాది కావాల్సిందేనని పట్టుబట్టాను. అమ్మాయిని నేనే. ముందున్న 'ఇంగ్లీషు మాట్లాడే' అనే ముక్క ఒక్కటే తక్కువ.

ఆ ముక్క కోసం కరీంనగర్ బస్టాండు దగ్గర, జిరాక్సు షాపు మీది గదిలో నడిచే స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో చేరాను. అక్కడి సారుకు మేం పెట్టుకున్న పేరు కంటిన్యూయస్ సార్. ఆయన నోట్లో పని ఏదీ పూర్తయ్యేది కాదు, అన్నీ జరుగుతూనే ఉండేవి. "ఐ యామ్ నోయింగ్ యువర్ ప్రాబ్లమ్. యూ ఆర్ హ్యావింగ్ ఫియర్," అనేవాడు. నిజంగానే ఐ వజ్ హ్యావింగ్ ఫియర్. అన్నింటికన్నా నన్ను ఏడిపించింది ఎస్ అనే అక్షరం. నామవాచకం వెనక చేరితే అది ఒకరిని పదిమందిని చేస్తుందట. అదే ఎస్ క్రియ వెనక చేరితే పదిమందిని పొమ్మని ఒక్కరినే మిగిలిస్తుందట. బాయ్స్ అంటే పిల్లలు, బాయ్ ప్లేస్ అంటే ఒక్క పిల్లవాడి ఆట. పైగా ముందొక తోక కామా తగిలించుకుని వస్తే ఎవరి సొత్తు ఎవరిదో కూడా అదే తేలుస్తుందట. ఇంటికొచ్చి ఈ గోడు అవ్వకు చెప్పుకుంటే ఆమె చేతిలో బీడీ ఆపకుండా, "గది ఎస్సా, మీ మేనత్తనా? ఆడికి పోతే ఆడి మాట, ఈడికొస్తే ఈడి మాట," అన్నది. మేనత్త అంటే బాపు చెల్లెలు. బాపు దగ్గినట్టు చేసి బయటికి వెళ్లిపోయాడు.

ఇంట్లో కనిపించే వస్తువుకల్లా ఎవరిదో వాళ్ల పేరు తగిలించి పైకి చెప్పమని సార్ పని పెట్టాడు. నేను ఇల్లంతా తిరుగుతూ ఫాదర్స్ సైకిల్, మదర్స్ సిజర్స్ అని వల్లించేదాన్ని. బాపుకు ఇది భలే నచ్చింది. అన్నం తింటూ ఆపి, "జర నా పని కాడ కూడ చెప్పు బిడ్డా. సాంచెను ఏమంటరు?" అని అడిగాడు. "సేట్స్ లూమ్," అన్నాను. "బట్టను?" "సేట్స్ క్లాత్." "నూలును?" "సేట్స్ యార్న్." బాపు ముద్ద కలుపుతూ, "మరి నాదేందే?" అన్నాడు. "నీది చప్పుడు బాపు. ఫాదర్స్ సౌండ్," అన్నాను. అవ్వ పడీ పడీ నవ్వింది. బాపు కూడా నవ్వాడు. (ఇంట్లో మాటలు కాబట్టి 'నవ్వాడు' అనే రాస్తున్నాను. మీరు పరాయివాళ్లు కాదనుకునే ఈ చనువు. దీని సంగతి ముందు ముందు చెబుతాను.)

అప్పుడే దుబాయ్ నుంచి చిన్నబాపు, అంటే బాపు తమ్ముడు, సెలవు మీద వచ్చాడు. ఆయన ఇంగ్లీషులో ఎస్ లేదు, ఈజ్ లేదు, నిన్నా రేపూ లేవు. "మై బాస్ నో కమ్. టుమారో కమ్. ఐ టెల్, ఫినిష్," అని చేతులాడించి చూపించాడు. "గా ఎస్సుల ఫికర్ పెట్టుకోకు. గాడ ఎవ్వడు అడగడు. మొకం నవ్వుతుండాలె, చెయ్యి ఆడుతుండాలె. ఇంగ్లీషంటే గంతే," అని ధైర్యం చెప్పాడు. అలా నాకు ఇద్దరు గురువులయ్యారు. ఒకాయన క్రియలకు ఎప్పటికీ విశ్రాంతి లేదు, ఇంకొకాయన క్రియలకు అసలు కదలికే లేదు. ఆ ఇద్దరి మధ్యా నా ఇంగ్లీషు పెరిగింది.

కానీ నా అసలు చిక్కు ఎస్‌తో కాదు. అది మై దగ్గరా, ఈజ్ దగ్గరా ఉంది. మై ఫాదర్ ఈజ్ ఎ వీవర్. ఈ వాక్యం సార్ బోర్డు మీద రాసిన రోజు నుంచీ నా గొంతులో ముల్లులా ఉండిపోయింది. మై అంటే నా. 'నా బాపు' అని మనం ఎక్కడైనా అంటామా? ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నా 'మా బాపు' అనే అంటాం. నా అంటే తక్కినవాళ్ల వాటా కూడా గుంజుకున్నట్టుంటుంది. ఇక ఈజ్. దొంగకూ ఈజే, కుక్కకూ ఈజే, కుర్చీకీ ఈజే. ఇంట్లో మేం 'బాపు వచ్చిండు, బాపు తిన్నడు' అనే అనుకుంటాం, నిజమే. ఇంట్లో అది ప్రేమ. అదే నలుగురి ముందు, సార్ల ముందు, కొత్తవాళ్ల ముందు అయితే 'మా బాపు వచ్చిండ్రు' అంటాం. బళ్లో తెలుగు సార్ కూడా పెద్దల గురించి చెప్పేటప్పుడు బహువచనం వాడాలని, దానికి గౌరవార్థకమని పేరు ఉందని చెవి మెలిపెట్టి మరీ నేర్పించాడు. ఇంగ్లీషు ఇంటి మాట కాదు కదా. అది పూర్తిగా నలుగురి ముందు మాట. అంత పెద్ద మాటలో బాపును కుక్కతో పాటు, కుర్చీతో పాటు నిలబెట్టడానికి నా నోరు ఒప్పుకోలేదు. అందుకని ఎవరికీ చెప్పకుండా నా మట్టుకు నేనొక సర్దుబాటు చేసుకున్నాను. బాపుకు ఎప్పుడూ అవర్, బాపుకు ఎప్పుడూ ఆర్. అవర్ ఫాదర్ ఆర్. వినడానికి కూడా ఎంతో నిండుగా ఉండేది.

ఇంటర్వ్యూ రోజు బాపు వెంట వచ్చాడు. రాత్రంతా సాంచెల మీద పనిచేసి, పొద్దున ఇంటికొచ్చి స్నానం చేసి, పెళ్లిళ్లకు తొడిగే తెల్ల చొక్కా తొడుక్కుని నన్ను బస్సెక్కించాడు. ఆస్పత్రిలో అద్దాల గది బయట బెంచీ మీద, తను కూర్చుంటే అది మాసిపోతుందేమో అన్నట్టు అంచున కూర్చున్నాడు. లోపల నన్ను అడగబోయేది చిన్న డాక్టరు గారి భార్య. ఆవిడ పుట్టిందీ పెరిగిందీ లండన్‌లోనట, అందుకని అక్కడ అందరూ లండన్ మేడం అనేవారు. తెలుగులో ఆవిడకు వచ్చిన మాట ఒక్కటే, "బాగున్నారా". డాక్టర్లనూ, నర్సులనూ, రోగులనూ, ఊడ్చే ఆవిడనూ అందరినీ ఆ ఒక్క మాటతోనే గెలుచుకొచ్చేది. నన్నూ "బాగున్నారా" అని అడిగి, కూర్చోమని, మీ కుటుంబం గురించి చెప్పమని ఇంగ్లీషులో అడిగింది. నేను సిద్ధంగానే ఉన్నాను.

"అవర్ ఫాదర్ ఆర్ వీవింగ్, మేడం. అవర్ మదర్ ఆర్ రోలింగ్," అన్నాను. బీడీ అనే మాట సమయానికి నోటికి రాలేదు. మేడం కళ్లజోడు సర్దుకుని, "రోలింగ్? వేర్?" అన్నది. "ఎట్ హోమ్, మేడం. ఆల్ డే," అన్నాను. పొద్దస్తమానం ఇంట్లో దొర్లుతూ ఉండే ఒక తల్లిని ఊహించుకోవడానికి ఆవిడకు కొంత సమయం పట్టింది. తర్వాత చాలా మర్యాదగా, "ఎక్స్‌క్యూజ్ మీ, హౌ మెనీ ఫాదర్స్ డు యూ హ్యావ్?" అని అడిగింది. అది వేళాకోళమని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం, ఆహా, మా ఇంటి మంచీ చెడూ ఎంత వివరంగా అడుగుతున్నదీవిడ అని మురిసిపోయాను. "త్రీ, మేడం. బిగ్ ఫాదర్, ఫాదర్, స్మాల్ ఫాదర్. బిగ్ ఫాదర్ ఆర్ ఇన్ ఆదిలాబాద్, కాటన్ మిల్. స్మాల్ ఫాదర్ ఆర్ గోయింగ్ దుబాయ్, కమింగ్ దుబాయ్," అని పెద్దబాపునూ చిన్నబాపునూ కూడా కలిపి గడగడా అప్పజెప్పాను. చెయ్యి కూడా ఆడించాను. మొకం నవ్వుతూనే ఉంది. ఇద్దరు గురువుల రుణమూ ఒక్క వాక్యంలో తీరిపోయింది.

మేడం పెన్ను కింద పెట్టింది. ఉద్యోగం పోతోందని నాకు అర్థమైంది. ఆవిడ నిజానికి మంచి మనిషి. నెమ్మదిగా, చిన్నపిల్లకు చెప్పినట్టు, "రిపీట్ ఆఫ్టర్ మీ. మై ఫాదర్ ఈజ్ ఎ వీవర్," అన్నది. ఆ ఒక్క వాక్యం అంటే చాలు, గట్టెక్కుతాను. మై అనేశాను. దానికే ఇంట్లో తక్కినవాళ్లందరికీ మనసులో దండం పెట్టుకున్నాను. ఫాదర్ కూడా అన్నాను. ఆ తర్వాత అద్దంలోంచి తెల్ల చొక్కా కనిపించింది, నోరు ఆగిపోయింది. "ఈజ్," అన్నది మేడం. "ఆర్," అన్నాను. "ఈజ్," అన్నది. నాకు ఏడుపు వచ్చేలా ఉంది. నన్ను ఈజ్ అన్నా ఏం ఫరవాలేదు గానీ మా బాపును అనడం బాగుండదని ఆవిడకు ఎలాగైనా చెప్పాలి. ఉన్న ఇంగ్లీషంతా ఊడ్చి పోగేసి చెప్పాను.

"మేడం, ఐ ఈజ్ ఓకే. ఫాదర్ ఈజ్ నాట్ ఓకే."

ఆ గదిలో అప్పటిదాకా నేను మాట్లాడిన తప్పు లేని ఇంగ్లీషు వాక్యం ఆ రెండోది ఒక్కటే. మేడం చటుక్కున అద్దం వైపు చూసింది. రాత్రి నిద్ర లేక, ఏసీ చల్లదనానికి బాపు గోడకు తల ఆనించి, నోరు కాస్త తెరిచి, కళ్లు మూసుకుని ఉన్నాడు. మేడం బెల్లు నొక్కింది. నేను లేచేలోపే ఒక వార్డుబాయ్ చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చి, బాపును రెండు చంకల కిందా పట్టి అందులో కూర్చోబెట్టాడు. బాపు ఉలిక్కిపడి లేచి, "నాకేం కాలే. నేను బిడ్డ వెంబడి వచ్చిన," అని తన మామూలు గొంతుతో అన్నాడు. అంటే ఆస్పత్రి మొత్తానికీ వినిపించింది. నర్సు పరుగెత్తుకొచ్చి, "గంత గట్టిగ మాట్లాడకు పెద్దాయనా, బీపీ లేస్తది," అని చేతికి పట్టీ చుట్టింది. "నేను మెల్లగనే మాట్లాడుతున్న," అని బాపు ఇంకా గట్టిగా అన్నాడు. బీపీ నిజంగానే ఎక్కువ చూపించింది. నిద్రలోంచి లేపి కుర్చీలో వేసి తోస్తే ఎవరికి చూపించదు?

నేను వెనకాలే పరుగెత్తి, "మేడం, ఫాదర్ ఆర్ ఓకే, ఫాదర్ ఆర్ ఓకే," అని మొత్తుకున్నాను. "బట్ యూ సెడ్ హీ ఈజ్ నాట్," అన్నది ఆవిడ అయోమయంగా. "ఎస్ మేడం. హీ ఈజ్ నాట్. హీ ఆర్," అన్నాను. అంతకన్నా స్పష్టంగా చెప్పడం నా వల్ల కాలేదు. బాపు నా వైపు చూసి, "ఏం చెప్పినవే, నన్ను బండి ఎక్కిచ్చిండ్రు?" అన్నాడు. మేడం ఆయన్ను ఊరడించడానికి కుర్చీ మీదికి వంగి, తనకు తెలిసిన ఆ ఒక్క మాటా అన్నది. "బాగున్నారా?"

నాకు ఒక్కసారిగా దారి దొరికింది. ఇంగ్లీషు సంగతి మరిచిపోయాను, తెలుగు సార్ చెవి మెలిపెట్టింది గుర్తొచ్చింది. "మేడం, ఇన్ చైర్ హౌ మెనీ ఫాదర్స్?" అన్నాను. "వన్, ఐ హోప్," అన్నది. "వన్ అంటే బాగున్నావా, మేడం. బాగున్నారా ఈజ్ మెనీ. యూ ఆస్కింగ్ వన్ ఫాదర్, మెనీ. వై, మేడం?" ఆవిడ నర్సు వైపు చూసింది. నర్సు బీపీ పట్టీ విప్పుతూ తలూపింది. "దే టోల్డ్ మీ ఇట్స్ పొలైట్," అన్నది మేడం మెల్లగా. "సేమ్, మేడం. ఆర్ ఈజ్ పొలైట్. ఈజ్ ఈజ్ నాట్ పొలైట్," అన్నాను. నా కళ్లల్లో నీళ్లు ఉన్నాయి, ఆవిడ కళ్లల్లోకీ నీళ్లొచ్చాయి, ఆవిడవి మాత్రం నవ్వువి. అక్కడున్న బెంచీ మీద, బాపు కుర్చీ పక్కన కూర్చుండిపోయి, కడుపు పట్టుకుని నవ్వింది. తర్వాత తేరుకుని, సోమవారం నుంచి రమ్మన్నది. తను నాకు ఇంగ్లీషు నేర్పిస్తుందట, నేను తనకు రెండో తెలుగు మాట నేర్పించాలట. బాపుకు ఇవేమీ అర్థం కాలేదు గానీ, ఉద్యోగం వచ్చిందని నర్సు చెప్పగానే చక్రాల కుర్చీలోంచి లేచి అందరికీ దండాలు పెట్టాడు. వార్డుబాయ్‌కి కూడా పెట్టాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన సీటు నాకిచ్చాడు. కరీంనగర్ దాటగానే, ఆ అద్దాల గదిలో ఏమన్నానో ఉన్నదున్నట్టు చెప్పమన్నాడు. చెప్పాను. ఈజ్ అంటే 'ఉన్నడు' అని, ఆర్ అంటే 'ఉన్నరు' అని, ఇంగ్లీషులో ఒక్క మనిషికి ఎంత పెద్దవాడైనా ఈజే అనాలని, నేను ఆర్ అన్నందుకే ఈ పరేషానంతా అని చెప్పాను.

"ఇంట్ల 'బాపు వచ్చిండు' అంటవు గదనే," అన్నాడు.

"ఇంట్ల వేరే బాపు. గాడ బయటోళ్ల ముంగట గద."

బాపు మొహం అటువైపు తిప్పుకున్నాడు. ఆ తర్వాత ఆయన భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడేమోనని వంగి మొహంలోకి చూశాను. నవ్వుతున్నాడు. "బయటోళ్ల ముంగట ఇన్నేండ్ల సంది సేటు నన్ను రారా పోరా అనుడే గని, ఒక్కపారి 'రాండ్రి, కూసోండ్రి' అనలే బిడ్డా. వాండ్ల పోరగాండ్లు గూడ అనలే. ఇగ ఇయ్యాల నువ్వంటివి. నువ్వన్నది గూడ ఇంగ్లీషుల తప్పేనాయె," అని బస్సంతా వినేట్టు అన్నాడు. ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. ముందు సీట్లవాళ్లు తిరిగి చూశారు, కండక్టరు టికెట్లు కొట్టడం ఆపాడు. నేను కూడా నవ్వాను. నవ్వుతూనే ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను, ఊరొచ్చేదాకా వదల్లేదు.

ఇప్పుడు నేను అదే ఆస్పత్రిలో అద్దానికి లోపలి వైపు కూర్చుంటాను. కొత్తగా వచ్చే అమ్మాయిలను మీ కుటుంబం గురించి చెప్పండని నేనే అడుగుతాను. లండన్ మేడం తెలుగు చాలా దూరం వచ్చింది, ఈ మధ్య నన్ను "జర ఇటు రాండ్రి" అంటున్నది. బాపు సాంచెల పని మానేసి ఇంటిపట్టునే ఉన్నాడు, గొంతు మాత్రం అలాగే ఉంది. నా ఇంగ్లీషులో తప్పులు లేవు. మై ఫాదర్ ఈజ్ అని తడుముకోకుండా, మధ్యలో ఎక్కడా ఆగకుండా అంటాను. ఆ వాక్యానికి అలా నోరు తిరిగిన మొదటి రోజు ఎంత గర్వపడ్డానో చెప్పలేను. కానీ మొన్న ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఎందుకో అద్దం ముందు నిలబడి, కావాలనే "అవర్ ఫాదర్ ఆర్" అని చూశాను. రెండు మూడుసార్లు అన్నాను, చెయ్యి కూడా ఆడించాను, నాకే నవ్వొచ్చింది. ఆ రోజు అద్దాల గదిలో ఆ పిల్ల అన్నట్టు మాత్రం రాలేదు.